నా ఎడమ కాలి మీద నింద

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువే. కాదని నేనెప్పుడన్నాను? కానీ ఊరికే రాదు నా కోపం. నా వంటకు వంకలు పెడితే పడ్డాను, నా మాటకు పెడితే పడ్డాను. ఈసారి ఏకంగా నా ఎడమ కాలి మీద నింద వేశారు. అది ఎందుకు పడాలి?

తాండూరులో మాకు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ ఉంది. ఇల్లూ యూనిటూ ఒకే ప్రహరీలో. పొద్దున లేస్తే మిషన్ల చప్పుడు, ఎటు చూసినా రాతి పొడి. నేను రోజూ తుడుస్తాను, రోజూ పడుతుంది. మా ఆయన ఈశ్వరయ్య కనుబొమలు కూడా ఆ పొడితో ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి, ఆయనకు వయసు మీద పడిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. మా అబ్బాయి నిఖిల్ హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్లాక ఇంట్లో చిన్న కారు ఒకటి ఖాళీగా పడి ఉంటే, నేను నడుపుతానన్నాను. మా ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. సాయంత్రాలు కందుల మార్కెట్ యార్డు ఖాళీ అయ్యాక తీసుకెళ్లి తనే నేర్పించాడు. పక్క సీట్లో కూర్చుని ఒక చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద, ఒక చెయ్యి గుండె మీద పెట్టుకునేవాడు. కారు నా చేతికి వచ్చిన రోజు నేను ఒకే ఒక్క షరతు పెట్టాను. ఇంట్లో, ఒంట్లో, అన్నంలో అన్నింటా రాయే ఉంది, ఈ కారులో మాత్రం రాయి పెట్టొద్దు అన్నాను. సరేనన్నాడు.

నేను నడపడం నేర్చుకున్నది మా అక్క కోసం. అక్క సుమిత్రమ్మ వికారాబాద్‌లో ఉంటుంది. మా బావగారు పోయినప్పటి నుంచి గడప దాటడం మానేసింది. కోడలు మంచిదే, కొడుకు మంచివాడే, కానీ ఆమె తలుపు పక్కన కుర్చీలో కూర్చుంటే కూర్చున్నట్టే. బస్సెక్కదు, రైలెక్కదు. ఎవరన్నా పలకరిస్తే ఏం చెప్పాలో తెలియదంటుంది. ఒక గురువారం నేను కారు వేసుకుని వాళ్లింటి ముందు ఆపి, ఊరికే అట్లా తిరిగొద్దాం రమ్మంటే, ఎందుకో మరి, చెప్పులేసుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది. అనంతగిరి వైపు తీసుకెళ్లాను. దారిలో రైలు గేటు దగ్గర బండి నా చేతిలో ఆగిపోయింది. స్టార్ట్ చేస్తే మళ్లీ ఆగింది. వెనకవాళ్లు హారన్లు కొడుతుంటే నాకు చెమటలు పడుతున్నాయి, మా అక్కేమో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. బావగారు పోయాక ఆమె నవ్వగా నేను చూడడం అదే. ఇక నేనెందుకు ఆగుతాను? ప్రతి గురువారం పొద్దున్నే బయలుదేరడం, చీకటి పడేవేళకు ఇల్లు చేరడం. గుట్ట మీద ఎక్కడో ఒకచోట ఆపుకుని ఇంటి నుంచి తెచ్చిన జొన్న రొట్టె తినేవాళ్లం. అక్క మాట్లాడడం మొదలుపెట్టింది. బావగారి గురించి కూడా.

మొన్న శ్రావణంలో, అక్క పక్కన ఉండగానే, అనంతగిరి ఘాటు సగం ఎక్కాక కారు మొండికేసింది. ఇంజన్ గొంతు చించుకుని అరుస్తోంది, బండి మాత్రం కదలదు. ఏదో మాడిన వాసన, ముక్కు పగిలిపోయేంత. బండి పక్కకు తీసి మా ఆయనకు ఫోన్ చేశాను. యూనిట్‌లో బండలు వేసే డీసీఎం వ్యాను తీసుకుని ఆయన వచ్చేదాకా ఇద్దరం చెట్టు కింద నిలబడ్డాం. కారును తాడుతో కట్టుకుని, ముందు వికారాబాద్ వెళ్లి అక్కను ఇంటి దగ్గర దింపాం. దిగుతూ అక్క మెల్లగా అంది.

"ఇగ నేను రాను లే గౌరీ. నా కోసం నీకెందుకు గింత పరేషాన్."

మళ్లీ ఆ కుర్చీలో కూర్చోవడం నా కళ్లతో చూశాను. నా ప్రాణం ఉసూరుమంది.

మరునాడు మెకానిక్‌ను ఇంటికి పిలిపించాం. కుర్రాడు కాదు, నెత్తి నెరిసినవాడే. సీట్లో కూర్చుని పెడల్ తొక్కి చూశాడు. క్లచ్ ప్లేటు అరిగిపోయిందన్నాడు. అక్కడితో ఆగొచ్చు కదా. ఆగలేదు.

"ఇంట్ల అమ్మ నడుపుతదా సార్? గట్లయితే అంతే. ఆడోళ్లు క్లచ్ మీదికెల్లి కాలు తియ్యరు."

నవ్వాడు. నేను మా ఆయన వైపు చూశాను. నేర్పిన మనిషి కదా, కాదని ఒక్క మాట అంటాడనుకున్నాను. ఆయన నేల వైపు చూస్తూ తల ఊపాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మెకానిక్ గేటు దాటాడో లేదో నేను ఒంటికాలి మీద లేచాను. నేర్పేటప్పుడు మొదటి రోజే చెప్పాడు ఈయన, గేరు మార్చగానే కాలు తీసి పక్కన పెట్టాలని. పెట్టాను. అక్షరాలా పెట్టాను. అంతా విని మా ఆయన తీరిగ్గా, డ్రైవర్‌ను పెడతాలే, నువ్వు వెనక సీట్లో దర్జాగా కూర్చుని పో అన్నాడు. పరాయి మనిషి ముందు కూర్చుంటే మా అక్క నోరు విప్పుతుందా? అసలు కారెక్కుతుందా? అదే చెప్పాను.  రోడ్డు మీద ఒక్కదానివే ఉంటే నాకు ఫికర్ అన్నాడు చివరికి. అంటే తాళం ఇచ్చెయ్యమని అర్థం. ఆ తాళం నా బొడ్లో బీరువా తాళాలతో పాటు ఉంటుంది. చేత్తో పట్టుకుని చెప్పాను.

"ఆ మెకానిక్ షెడ్డుకు నా బండి పోదు. మనమే ఇప్పుదాం. ప్లేటు చూస్తే తెలుస్తది గదా. నా కాలు తప్పయితే తాళం మీ చేతుల పెడ్త. మళ్ల స్టీరింగ్ ముట్ట."

పౌరుషానికి అన్న మాట అది. అన్నాక రాత్రంతా నిద్ర పట్టలేదు.

మా ఆయనకు పానాలు పట్టడం కొత్త కాదు. పాలిషింగ్ మిషన్ల బేరింగులు, బెల్టులు అన్నీ ఆయనే మారుస్తాడు. కానీ కారు ఎప్పుడూ ఇప్పలేదు. శనివారం బజారు నుంచి కొత్త క్లచ్ సెట్ తెచ్చి పెట్టాడు. ఫోనులో వీడియో వెతికితే మా కారు మోడల్‌కు కన్నడంలో ఒకటే దొరికింది. నా పుట్టిల్లు కర్ణాటకలోని సేడం. తాండూరోళ్లకు కన్నడం అర్థమవుతుంది గానీ సగం సగం, నాకైతే అది అమ్మ భాష. కాబట్టి ఆదివారం మిషన్లు బంద్ చేశాక నేను స్టూలు వేసుకుని ఫోను పట్టుకుని కూర్చున్నాను, ఆయన చొక్కా విప్పి బనీనుతో నిలబడ్డాడు. నేను చెప్పాలి, ఆయన చెయ్యాలి. మా పెళ్లయ్యాక ఇట్లాంటి రోజు ఇదొక్కటే. నిఖిల్ ఫోన్ చేసి, మీకేమన్నా పిచ్చా, షోరూముకు పంపండి అంటే పని మీద ఉన్నామని పెట్టేశాను.

మొదట్లోనే తగువు. డిక్కీలో జాకీ ఉంటుంది, తీద్దామన్నాను. డిక్కీ తాళం ఎప్పటి నుంచో చెడిపోయింది, స్క్రూడ్రైవర్‌తో తిప్పితే గానీ తెరుచుకోదు, అది ఆయనకే వచ్చు. ఆ చిన్న జాకీ ఎందుకు అని డీసీఎం జాకీ తెచ్చాడు. అది పొట్టిది, కారుకు అందలేదు. దాని కింద ఎత్తుకు ఏం పెట్టాలి? ఇంకెవరైనా అయితే చెక్క మొద్దు పెడతారు. మా ఆయన రాళ్ల మనిషి. నిగనిగలాడే పాలిష్ బండ ఒకటి తెచ్చి పెట్టాడు. అద్దం లాంటి బండ మీద ఇనుము నిలుస్తుందా అని నేనంటే, టన్నుల కొద్దీ బరువు మోస్తది తాండూరు బండ, నువ్వు వీడియో చూడు అన్నాడు.

బరువు మోస్తుంది, నిజమే. జారుతుంది కూడా. వీడియోలో కన్నడాయన, బండి ఎత్తాక కిందికి దూరే ముందు ఒకసారి ఊపి చూడండి అన్నాడు. నేను చెప్పాను. ఈయన ఊపాడు. జాకీ సర్రున జారింది, కారు ధబ్బున కింద పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ పడడంలో ఎక్కడో రాయి పగిలిన చప్పుడు విన్నాను. రాయి చప్పుడు నాకు తెలియదా? జాకీ కింది బండే పగిలిందనుకుని, మంచి బండ పాయె అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. భయపడ్డాడు పాపం అనుకుని లోపలికి వెళ్లి చాయ్ పెట్టుకొచ్చాను. ఆయన కిందికి దూరి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటూ చాయ్‌లో చక్కెర రెండుసార్లు వేశాను.

తర్వాత చెక్క మొద్దులు తెచ్చాం. బండలెత్తే మూడు కాళ్ల స్టాండును ముందు నిలబెట్టి, చైన్ పుల్లీతో ఇంజన్‌ను పై నుంచి పట్టి ఉంచాం. బ్యాటరీ వైరు తీసి, గేర్ ఆయిలు దించి, చక్రాలు ఊడదీసి, ఇరుసులు లాగి, గేర్ బాక్సు బోల్టులు ఒక్కొక్కటే విప్పాడు. ఒక బోల్టు ఇరుకులో ఉండి ఆయన లావు చెయ్యి పట్టలేదు. నేను గాజులు పైకి తోసుకుని చెయ్యి పెట్టి తిప్పాను. ఊడి వచ్చింది. మధ్యాహ్నానికి గేర్ బాక్సును కందుల గోనె సంచుల మీదికి దించాం. నా చీరంతా నలుపు. కొత్త పెళ్లికూతురప్పుడు కూడా ఈ మనిషి నన్ను ఇంతసేపు కళ్లార్పకుండా చూడలేదు, ఆ రోజు చూశాడు.

ప్రెషర్ ప్లేటు విప్పగానే క్లచ్ ప్లేటు చేతికి వచ్చింది. నాకు చదువు లేకపోయినా తెలిసేది. మేకుల దాకా అరిగిపోయి, మాడి, నల్లగా ఉంది. కాలే కదా మాడ్చేది, ఇంకేం మాడుస్తుంది? నేను మాట మీద నిలబడే మనిషిని. బొడ్లోంచి తాళం తీసి ఆయన జేబులో వేశాను.

"ప్లేటే చెప్తున్నది. తీస్కోండ్రి," అన్నాను.

 అక్క కుర్చీ కళ్ల ముందు కదిలింది. మజ్జిగ తెస్తానని చెప్పి వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. ఎవరూ చూడకుండా ఏడవడం నాకు చేతకాదు, ముక్కు ఎర్రబడుతుంది, అయినా ఏడ్చాను.

తిరిగొచ్చేసరికి మా ఆయన ఇంకో సామాను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. పెడల్ తొక్కితే లోపల క్లచ్‌ను నొక్కే బేరింగ్ అట అది. చెవి దగ్గర పెట్టుకుని తిప్పుతున్నాడు, ఆపుతున్నాడు, మళ్లీ తిప్పుతున్నాడు. కొత్తది సెట్‌తో పాటే వచ్చింది కదా, ఇంకా దీని సంగతెందుకు అన్నాను. ఏం లేదన్నాడు. ఆ సాయంత్రం అన్నం సగం వదిలేశాడు. నన్ను ఓడించి కూడా ఈయనకు ఆకలి లేకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

సోమవారం యూనిట్ పనివాళ్లకు పని చెప్పి, బిగించడానికి కూర్చున్నాం. కొత్త ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చోవాలి, లేకపోతే గేర్ బాక్సు ఎక్కదు. వీడియోలో దానికి ఒక ప్లాస్టిక్ కాడ వాడాడు. మా దగ్గర ఎక్కడిది? నేను వంటింట్లోకి వెళ్లి మా అమ్మ సేడం నుంచి ఇచ్చిన కవ్వం పట్టుకొచ్చాను. సన్నటి వైపు ప్లేటు రంధ్రంలో పెడితే కాస్త వదులైంది. టేపు చుట్టాను, సరిపోయింది. ఆయన వద్దన్నాడు, మీ అమ్మది, గ్రీజు అయితది అన్నాడు. నా కవ్వం నా ఇష్టం అన్నాను. ప్లేటు నిటారుగా కూర్చుంది. బోల్టులు ఎదురెదురుగా బిగించాడు. గేర్ బాక్సు రెండోసారికే లోపలికి జారింది. ఆ క్షణంలో ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వాం. వెంటనే నాకు తాళం గుర్తొచ్చి నవ్వు ఆపేశాను. ఇంత కష్టపడి బాగు చేసింది రేపు ఏ డ్రైవరో నడపడానికా?

గేర్ ఆయిలు తెస్తానని బజారుకు వెళ్లి చాలాసేపటికి వచ్చాడు. ఆయిలు పోశాడు, చక్రాలు ఎక్కించాడు, క్లచ్ వైరు సరిచేశాడు. పొద్దు వాలుతుండగా కారు కిందికి దించి, జేబులోంచి తాళం తీసి బానెట్ మీద పెట్టాడు. స్టార్ట్ చెయ్ అన్నాడు. నేను చెయ్యనన్నాను. ఇచ్చిన తాళం మళ్లీ ముట్టనని, కావాలంటే మీ డ్రైవర్‌ను పిలుచుకోండని అన్నాను.

ఆయన స్క్రూడ్రైవర్ తీసుకుని వెనక్కి వెళ్లి డిక్కీ తెరిచాడు. మ్యాటు ఎత్తాడు. కింద బండలు. నీలం బండ, పసుపు బండ, పాలిష్ చేసినవి, చెయ్యనివి, పేర్చినట్టు డిక్కీ నిండా. ఒక్కొక్కటే రొమ్ముకు ఆనించుకుని మోసి గోడకు ఆనించాడు. వాటిలో ఒక బండ రెండు ముక్కలై ఉంది. ఆదివారం నేను విన్న చప్పుడు అది. మోస్తున్న కొద్దీ కారు వెనక భాగం నా కళ్ల ముందే పైకి లేచింది.

"సాంపిళ్లు," అన్నాడు. "శంకర్‌పల్లి దిక్కు బిల్డర్లకు చూపెట్టనీకి. మాటిమాటికి ఎవడు దించుతడని అందులనే ఉంచిన. నువ్వు రాయి పెట్టొద్దన్నవు, అందుకే మ్యాటు కింద పెట్టిన."

  ఆయన జేబులోంచి పాత బేరింగ్ తీసి నా చెవి దగ్గర తిప్పాడు. చప్పుడు లేదు.

"కాలు తియ్యకుండ నడిపితే ముందుగాల గిది అరుస్తది. నిన్ననే తెలిసింది నాకు. నీ కాలు మంచిగనే ఉన్నది గౌరమ్మా. గా బరువేసుకొని నువ్వు ఘాటెక్కినవు. ప్లేటు మాడకేమయితది?"

అప్పుడు వచ్చింది నా కోపం. ఘాటు మీద అక్కను పెట్టుకుని నేను పడ్డ అవస్థ, మెకానిక్ నవ్వు, వంటింట్లో ఏడ్చిన ఏడుపు అన్నీ కలిపి అడిగాను. అన్నీ పడ్డాడు. చివరికి, ఈ మాట నాకు కాదు, ఆ మెకానిక్ ముందు చెప్పండి, అప్పుడు ముట్టుకుంటాను తాళం అన్నాను.

"ఆయిల్ తేవోయినప్పుడే చెప్పొచ్చిన. రాయి నాది, మా ఇంటామె కాలు తప్పు లేదని."

"ఏమన్నడు?"

"ఏమంటడు, నవ్విండు. నా మీద నవ్విండు, నీ మీద కాదు." చేతులు దులుపుకుంటూ అన్నాడు. "బజార్ల చెప్పుడు అల్కగనే అయింది. నీకు చెప్పుడే కష్టమాయె."

గోడకు ఆనించిన బండల పక్కన, రాతి పొడి, గ్రీజు కలిసిన ముఖంతో నిలబడ్డ ఆ మనిషిని చూస్తే నాకు కోపం నిలవలేదు. ఎంత తిట్టినా నాకు ఈయన మీద ప్రేమే ఎక్కువ, అది ఆయనకు తెలియకూడదని తిడుతుంటాను. మరి తల ఎందుకు ఊపారు, డ్రైవర్ ఎందుకన్నారు అని మాత్రం అడిగాను. రాయి సంగతి బయటపడుతుందని ఊపాడట. డ్రైవర్ సంగతి అడిగితే నేల వైపు చూశాడు.

"బేస్తారం పొద్దుగాల పోతవు, పొద్దు గూకినంక వస్తవు. ఆ రోజు ఇంట్ల నాకు బువ్వ తినబుద్ది కాదు. డ్రైవరుంటే జల్ది తోల్కొస్తడనుకున్న. చెప్తే నవ్వుతవని చెప్పలే."

నేను నవ్వలేదు. నవ్వితే కళ్లలో ఉన్నవి కింద పడతాయి. బానెట్ మీద తాళం తీసుకుని బొడ్లో దోపుకున్నాను.

గురువారం పొద్దున వికారాబాద్‌లో అక్క ఇంటి ముందు హారన్ కొట్టాను. కుర్చీలోంచి చూసింది, రానన్నట్టు చెయ్యి ఊపింది. అప్పుడు వెనక సీట్లోంచి మా ఆయన దిగి వెళ్లాడు. ఆమె ముందు చేతులు కట్టుకుని, బండి చెడగొట్టింది మీ చెల్లె కాదు వదినా, నేను, అని రాళ్ల కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. అక్క విన్నది. చెప్పులేసుకుంది.

ఘాటు మొదట్లో సెకండ్ గేరు వేశాను. కారు మెత్తగా ఎక్కుతోంది. వెనక మా ఆయన ఊపిరి బిగబట్టుకుని, తను కాస్త పైకి లేస్తే బండికి బరువు తగ్గుతుందన్నట్టు ముందు సీటు పట్టుకుని సగం లేచి కూర్చున్నాడు. మా అక్క వెనక్కి తిరిగి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి, గట్టిగా, గుట్టంతా వినపడేట్టు నవ్వింది.

నేను ఎడమ కాలు క్లచ్ మీంచి తీసి, ఇద్దరికీ కనపడేట్టు పక్కన పెట్టాను.